"మా మీద పరీక్షలు చేస్తారా తల్లీ?": ఆసుపత్రి పరిశోధన గురించి అపోహలు, వాస్తవాలు

ఒడిశాలోని గంజాం జిల్లాలో ఒక బోధనాసుపత్రిలో కమ్యూనిటీ మెడిసిన్ డాక్టరుని. పుట్టి పెరిగింది బరంపురంలో. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, కాలేజీలో ఇంగ్లీషు. మా ఓపీకి తెలుగువాళ్ళు బాగానే వస్తారు. గోపాలపూర్ వైపు నుంచి చేపల వేటకెళ్ళే కుటుంబాలు, పర్లాకిమిడి వైపు నుంచి బస్సెక్కి వచ్చే రైతులు, ఇచ్ఛాపురం, కంచిలి నుంచి సరిహద్దు దాటి వచ్చే కిడ్నీ రోగులు. మందులు రాసిస్తే ఎవరూ ఏమీ అనరు. "చిన్న పరిశోధన ఒకటి చేస్తున్నాం, మీరు చేరతారా?" అని అడిగామా, చీర చెంగు గట్టిగా పట్టుకుని లేచి నిలబడతారు. అలా ఎన్నోసార్లు విన్న మాటలు ఇవి. కొన్ని రోగులవి, కొన్ని మా డాక్టర్లవి. ఎవరివి ఎక్కువ ప్రమాదమో చదివాక మీకే తెలుస్తుంది.

అపోహ: సంతకం పెడితే మన మీద కొత్త మందు పరీక్షిస్తారు.

మా ఆసుపత్రిలో జరిగే పరిశోధనల్లో చాలావాటిలో మందే ఉండదు. షుగరు ఉన్నవాళ్ళు కళ్ళ పరీక్షకి ఎందుకు రావట్లేదు? బీపీ మాత్రలు మధ్యలో ఎందుకు మానేస్తున్నారు? పాము కరిచిన మనిషి ఆసుపత్రికి చేరేసరికి ఎన్ని గంటలు పడుతోంది? అడగడం, కొలవడం, రాసుకోవడం, అంతే. మందులున్న పరిశోధనల్లోనూ ఎక్కువగా వాడేవి ఎప్పటినుంచో మెడికల్ షాపులో దొరుకుతున్నవే.

అలాగని ఈ భయాన్ని నేను కొట్టిపారేయను. అది ఊరికే పుట్టలేదు. 2009లో ఖమ్మం జిల్లాలో ఆడపిల్లలకి, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా కాపాడే హెచ్‌పీవీ టీకా వేసిన ప్రాజెక్టు ఒకటి జరిగింది. చాలామంది పిల్లల అనుమతి పత్రాల మీద తల్లిదండ్రులకి బదులు హాస్టల్ వార్డెన్లు సంతకాలు పెట్టారు. కొందరు పిల్లలు చనిపోవడంతో 2010 ఏప్రిల్‌లో దాన్ని ఆపేశారు. ఆ మరణాలకి టీకా కారణమని విచారణలో తేలలేదు. కానీ అనుమతి తీసుకున్న తీరు మాత్రం తప్పేనని తేలింది, 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం గట్టిగానే తప్పుపట్టింది. మంచి టీకా మీద కూడా జనానికి అనుమానం పుట్టించడానికి ఒక దొంగ సంతకం చాలు.

ఇప్పుడు క్లినికల్ ట్రయల్స్ (మనుషుల మీద మందులు పరీక్షించే పరిశోధనలు) నడిచేది 2019లో వచ్చిన 'కొత్త మందులు, క్లినికల్ ట్రయల్స్ నియమాల' ప్రకారం. చదువురాని వాళ్ళయితే వేలిముద్ర ఒక్కటే సరిపోదు, పరిశోధనతో సంబంధం లేని సాక్షి ఒకరు పక్కన కూర్చుని అంతా వినాలి. పూర్తిగా కొత్త మందయితే, బలహీన స్థితిలో ఉన్నవాళ్ళని చేర్చుకునేటప్పుడు మనం చెప్పింది, వాళ్ళకి అర్థమైంది, రెండూ వీడియో తీయాలి. ట్రయల్ వల్ల హాని జరిగితే వైద్యం ఉచితం, నష్టపరిహారం వేరే.

అపోహ (ఇది పూర్తిగా డాక్టర్లదే): ఫారం తెలుగులో ఉంది కదా, అర్థమయ్యే ఉంటుంది.

ఈ ఒక్కదాని మీద పేజీలు రాయగలను.

కొన్నేళ్ళ క్రితం మేమొక చిన్న అధ్యయనం మొదలుపెట్టాం. బీపీకి విడివిడిగా రెండు మాత్రలు వేసుకునేవాళ్ళూ, ఆ రెండు మందులూ కలిపిన ఒకే మాత్ర వేసుకునేవాళ్ళూ, ఎవరు మానకుండా వేసుకుంటారన్నది ప్రశ్న. రెండూ పాత మందులే. ఫారం ఇంగ్లీషులో రాసి తెలుగులోకి మార్పించాం. తీరంలో ఉన్న ఒక వేటగాళ్ళ ఊరికి పట్టుకెళ్ళాను. అరవై దాటిన మామ్మ ఒకావిడ వలలు బాగుచేసే పాకలో కూర్చుని ఉంది. చదివి వినిపించాను: "మీరు యాదృచ్ఛికంగా ఏదో ఒక సమూహానికి కేటాయించబడతారు."

ఆవిడ కాసేపు నా మొహం చూసి, "ఇది ఏ బాస తల్లీ?" అంది.

నిజమే, అది ఎవరి భాషా కాదు. పోనీ మనవడి చేత చదివిద్దామంటే వాడు ఒడియా మీడియం. తెలుగు గలగలా మాట్లాడతాడు, ఒక్క అక్షరం చదవలేడు. ఒడియా ఫారం ఇస్తే చదివేశాడు, కానీ మామ్మకి బజారు ఒడియా తప్ప పుస్తకాల ఒడియా రాదు. చివరికి ఏం చేశామంటే, మామ్మ మాట్లాడే తెలుగునే ఒడియా లిపిలో రాశాం. మనవడు చదివాడు, మామ్మ విన్నది. తెలుగు భాష, ఒడియా అక్షరాలు. బరంపురం వాళ్ళకి ఇది కొత్తేమీ కాదు, మా ఇళ్ళలో సరుకుల చీటీలు ఇలాగే రాసుకుంటాం. పరిశోధన న్యాయంగా జరుగుతుందో లేదో చూసే ఎథిక్స్ కమిటీ ముందు పెడితే మాత్రం "ఇది ఏ భాష అని నమోదు చేయాలి?" అంటూ పెద్ద చర్చే నడిచింది.

ఇప్పుడు నా పద్ధతి ఒకటే. చెప్పడం అయ్యాక, "ఇంటికెళ్ళాక కోడలు అడిగితే ఏమని చెప్తారు?" అని అడుగుతాను. వాళ్ళు చెప్పేది విన్నాకే సంతకం. దీనికి ఒక్కొక్కరికి ఇరవై నిమిషాలు పడుతుంది. పీజీ విద్యార్థులకి ఆ ఇరవై నిమిషాలంటే టెన్షన్, వాళ్ళ థీసిస్ గడువు వాళ్ళది.

అపోహ: చీటీ తీసి వైద్యం చేయడం ఏమిటి? డాక్టరుకి తెలియదా ఏ మందు మంచిదో?

"చీటీ వేస్తాం మామ్మా, ఏది వస్తే ఆ మాత్ర" అన్నాను. ఆవిడకి చీటీ పాటలు బాగా తెలుసు. వెంటనే అడిగింది: "గెలిచినోళ్ళకి మంచి మాత్రా? మరి ఓడినోళ్ళకో?"

ఇంత మంచి ప్రశ్న మా సెమినార్లలో కూడా వినలేదు. ఏది మంచిదో నాకు ముందే తెలిసుంటే చీటీ వేయడం పాపం, తెలిసిన మంచి మందు అందరికీ ఇవ్వాల్సిందే. నిజంగా తెలియనప్పుడే చీటీ. నేనే ఎంచుకుని ఇస్తే, తెలియకుండానే కాస్త చురుగ్గా ఉన్నవాళ్ళకి కొత్తదీ, నీరసంగా ఉన్నవాళ్ళకి పాతదీ ఇచ్చేస్తాను. ఆ తర్వాత కొత్తదే గొప్పదని తేలుతుంది. తేలకేం!

ఇంకో సంగతి. జలుబుకి మందు వేసుకుంటే వారం, వేసుకోకపోతే ఏడు రోజులు అంటారు కదా. మనిషి డాక్టరు దగ్గరికి వచ్చేది బాధ బాగా ముదిరిన రోజున. ఆ తర్వాత చాలా బాధలు వాటంతట అవే కొంత దిగుతాయి. ఆ దిగడాన్ని మందు ఖాతాలో రాసేసుకుంటాం. ముప్పై ఏళ్ళ అనుభవం ఉన్న డాక్టరు కూడా ఇందులో మోసపోతాడు, కుదిరినవాళ్ళు మళ్ళీ వచ్చి దండం పెడతారు కాబట్టి. కుదరని వాళ్ళు వేరే డాక్టరు దగ్గరికి వెళ్తారు, వాళ్ళు మన కంటపడరు.

కోవిడ్ రోజుల్లో, జబ్బు తగ్గినవాళ్ళ రక్తంలోంచి తీసే ప్లాస్మా కోసం జనం ఎంత పరిగెత్తారో గుర్తుందా? భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2020లో 39 ఆసుపత్రుల్లో 464 మందిని చేర్చుకుని ట్రయల్ చేసింది. మరణాలు తగ్గలేదు, జబ్బు ముదరడమూ ఆగలేదు. 2021 మేలో చికిత్సా మార్గదర్శకాల నుంచి ప్లాస్మాని తీసేశారు. పనిచేయదని తేల్చడమూ ఫలితమే. ఎన్ని కుటుంబాలు దాతల కోసం రాత్రంతా ఫోన్లు చేసే బాధ తప్పిందో లెక్కేసుకోండి.

అపోహ: పరిశోధన వైజాగ్, కటక్, ఢిల్లీల్లో చేసుకోవాలి. ఇక్కడ చేసేది డిగ్రీ కోసం.

థీసిస్‌లు అలమరాల్లో బూజు పడుతున్న మాట నిజం, అందులో నావీ ఉన్నాయి. కానీ మొదటి వాక్యం తప్పు. 1961లో కెర్ వైట్ అనే డాక్టరు, అమెరికా, బ్రిటన్ లెక్కలు పెట్టి ఒక విషయం చూపించాడు. వెయ్యి మంది పెద్దవాళ్ళుంటే, ఒక నెలలో 750 మందికి ఏదో ఒక బాధ ఉంటుంది. 250 మంది డాక్టరుని కలుస్తారు. 9 మంది ఆసుపత్రిలో చేరతారు. యూనివర్సిటీ ఆసుపత్రి దాకా వెళ్ళేది ఒక్కరు. ఆ ఒక్కరిని చూసి రాసిన పుస్తకంతో మిగతా వాళ్ళకి వైద్యం చేస్తున్నాం. మన దగ్గర సంఖ్యలు వేరుగా ఉండొచ్చు, గరాటు ఆకారం మాత్రం ఇదే.

దారి మార్చిన పరిశోధనలు కొన్ని ఎక్కడ పుట్టాయో చూడండి. మద్రాసు పేదవాడల్లో 1956లో మొదలైన అధ్యయనం, క్షయ రోగికి శానటోరియం (నెలల తరబడి ఉంచి చూసే ఆసుపత్రి) అక్కర్లేదు, ఇంట్లోనే మందులిచ్చినా సరిపోతుందని తేల్చింది. 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల శిబిరంలో, పశ్చిమ బెంగాల్‌లోని బన్‌గావ్‌లో కలరా చెలరేగి సెలైన్ అయిపోతే, దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజు, వంట సోడా కలిపిన నీళ్ళు డ్రమ్ముల్లో పెట్టి తాగించారు. మరణాలు 3.6 శాతానికి దిగాయి. ఈరోజు మన ఇంట్లో ఉండే ఓఆర్‌ఎస్ పొట్లం వెనకున్న కథల్లో అదొకటి.

మన సరిహద్దు జిల్లాల్లోనే చూసినా మహారాష్ట్రలోని గడ్చిరోలి ఉంది. సిరొంచా తెలుగువాళ్ళకి సొంత జిల్లా. అక్కడ డాక్టర్లు రాణీ బంగ్, అభయ్ బంగ్ రెండు ఊళ్ళలో 650 మంది ఆడవాళ్ళని పరీక్షిస్తే 92 శాతం మందికి ఏదో ఒక గర్భకోశ సంబంధ వ్యాధి ఉంది. అంతకుముందు అలాంటి పరీక్ష చేయించుకున్నవాళ్ళు 8 శాతమే. 1989 దాకా ఈ సంగతి ఏ పెద్దాసుపత్రి రికార్డులోనూ కనబడలేదు. కనబడడానికి ఆ ఆడవాళ్ళు అక్కడికి వెళ్తేగా! ఆ తర్వాత పదేళ్ళకి, ఊరి ఆడమనిషికే శిక్షణ ఇచ్చి పసిపిల్లల్ని ఇంటి దగ్గరే చూసుకునేలా చేస్తే నవజాత శిశు మరణాలు 62 శాతం తగ్గాయని వాళ్ళే చూపించారు. మన ఒడిశా పల్లెల్లోనే 4,556 మంది పసిపిల్లలతో జరిగిన ట్రయల్ ఇంకొకటి. మేలుచేసే సూక్ష్మజీవులున్న మందు మొదటి వారంలో తాగిస్తే, తీవ్రమైన ఇన్‌ఫెక్షన్, మరణం కలిపి 9 శాతం నుంచి 5.4కి తగ్గాయి. 2017లో అచ్చయింది.

అపోహ: నీళ్ళ వల్లే కిడ్నీలు పోతున్నాయని అందరికీ తెలుసు. ఇంకా పరిశోధన ఎందుకు?

కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉన్న శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో చుట్టాలున్న ప్రతి ఇంట్లో వినే మాట ఇది. నీళ్ళు అనుమానితుల్లో ఒకటి. పురుగుమందులు, ఎండలో ఒళ్ళు ఎండిపోయేలా చేసే పని, నొప్పి మాత్రలు, వంశంలో ఉండే గుణం కూడా ఆ వరసలోనే ఉన్నాయి. ఇదే కారణమని ఇప్పటికీ గట్టిగా రుజువు కాలేదు. పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి 2023 డిసెంబరులో ప్రారంభమయ్యాయి. మంచి నీళ్ళు ఇవ్వడం ఎలాగూ మంచిదే. కానీ "తెలిసిపోయింది" అనుకుని, క్యాను నీళ్ళు తాగుతూ రోజూ నొప్పి బిళ్ళలు మింగేవాళ్ళు నా ఓపీలో ఉన్నారు. ఆ బిళ్ళలు కిడ్నీని దెబ్బతీస్తాయన్నది మాత్రం రుజువైన విషయం.

చిన్నచిన్నవి, ఒకేచోట.

చేరాక మధ్యలో మానకూడదా? ఎప్పుడైనా మానొచ్చు, కారణం చెప్పక్కర్లేదు, మామూలు వైద్యం ఆగదు. డబ్బులిస్తారా? దారి ఖర్చు, పోయిన కూలి ఇవ్వొచ్చు, ఆశపెట్టేంత ఇవ్వకూడదు. ఎథిక్స్ కమిటీ అంటే డాక్టర్ల మిత్రబృందమేగా? ట్రయల్స్ చూసే కమిటీలో కనీసం ఏడుగురు ఉండాలి, కనీసం సగం మంది బయటివాళ్ళు, అధ్యక్షులు కూడా బయటివారే. లాయరు, వైద్యంతో సంబంధం లేని మామూలు మనిషి, కనీసం ఒక మహిళ తప్పనిసరి. మా దగ్గర ఎక్కువ ఇబ్బంది పెట్టే ప్రశ్నలు ఆ మామూలు మనిషివే. ట్రయల్ వివరాలు ఎవరైనా చూడొచ్చా? చూడొచ్చు. సీటీఆర్ఐ అనే ప్రభుత్వ వెబ్‌సైట్‌లో, మొదటి మనిషిని చేర్చుకోకముందే నమోదు కావాలి.

అపోహ (మళ్ళీ మాదే): వచ్చినవాళ్ళ లెక్క చాలు, రానివాళ్ళని వదిలేద్దాం.

మామ్మ ఊళ్లో అధ్యయనం మేము మొదలుపెట్టింది వేట నిషేధం రోజుల్లో. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పు తీరంలో మర పడవలు ఆగుతాయి, చెన్నై పడవల మీద పనిచేసే మగవాళ్ళంతా ఊళ్లోనే ఉంటారు. ఊరు నిండుగా కనిపిస్తే సంబరపడి చేర్చేసుకున్నాం. మూడు నెలలకి వెళ్తే సగం గుమ్మాల ముందు చెప్పుల్లేవు. ఉన్నవాళ్ళ బీపీ చూస్తే ఎంత బాగుందో! మా పీజీ అబ్బాయి గ్రాఫు కూడా గీసేశాడు. ఉన్నదెవరు? ఇంటిపట్టున ఉండి, వేళకి తిని, వేళకి మాత్ర వేసుకునేవాళ్ళు. పడవ మీద ఉప్పుచేపతో అన్నం తిని, మాత్రలు ఇంట్లో మరిచిపోయిన వాళ్ళెవరూ ఆ గ్రాఫులో లేరు. తప్పు ఊరిది కాదు, క్యాలెండరు చూసుకోని మాది. గట్టిగా ఏమీ తేల్చలేకపోయాం.

"పరిశోధన అయ్యాక మళ్ళీ మొహం చూపించరు."

దీన్ని అపోహ అని రాయలేను. చాలాసార్లు నిజం. అందుకే ఆ ఊరికి తిరిగి వెళ్ళాను. అదే పాక, అదే మామ్మ.

"ఏదీ తేలలేదు మామ్మా" అన్నాను.

"తేలలేదని చెప్పడానికి ఇంత దూరం వచ్చావా?" అని నవ్వి, పీట లాగింది. కాసేపటికి తనే అంది: "ఈసారి మాత్రలు వాళ్ళ సంచిలోనే పెట్టి పంపు. పడవ మీద బీపీ మిషను ఉండదు గానీ అందరి దగ్గరా ఫోను ఉంటుంది. రాత్రి ఒడ్డుకొచ్చాక అడుగు, వేసుకున్నావా లేదా అని."

కొత్త ప్రొటోకాల్‌లో (పరిశోధన ఎలా చేస్తామో రాసే పత్రంలో) అదే రాసి కమిటీకి పంపాను. కమిటీలో లాయరుగారు అడిగారు: ఆ ఫోన్ నంబర్లు ఎవరి దగ్గర ఉంటాయి, పని అయ్యాక ఎవరు చెరిపేస్తారు? జవాబు ఇంకా రాస్తున్నాను.