సంక్రాంతికి వస్తే చేన్లకు తీసుకుపోతా

పిల్లలూ,

సెలవుల్లో నాతోపాటు చేన్లు తిరుగుతామన్నారు కదా, రండి, తప్పకుండా తీసుకుపోతా. "తాతయ్యా, పురుగుల్ని చంపడానికేనా పోయేది?" అని అడిగారు, జవాబు చెప్పేలోపే ఫోన్ చార్జింగ్ అయిపోయింది. చంపడానికి కాదు బిడ్డా, లెక్కపెట్టడానికి. ఏ ఊళ్లో ఏ పురుగు ఉంది, ఎంత ఉంది, ఇంకా ఎక్కడ రాలేదు అని రాసుకోవడానికి. ఈ చివరిదాన్నే అందరూ తేలిగ్గా తీసుకుంటారు. చేనంతా తిరిగి ఏమీ దొరక్కపోతే "ఏం లేదు పో" అని పుస్తకం మూసేస్తారు. అట్లా కాదు, తేదీ, ఊరు, పంట పేరు రాసి పక్కన సున్నా పెట్టాలి. పోయిన వారం సున్నా ఉన్న ఊళ్లో ఈ వారం నాలుగు దొరికితేనే కదా, పురుగు ఎప్పుడొచ్చింది, ఎటు నుంచి వస్తోంది అనేది తెలిసేది.

ఇదంతా ఎందుకంటే, మన పంటల మీద బయటి దేశాల పురుగులు పడ్డాయి. మక్క చేన్లలో కనిపించే కత్తెర పురుగు అమెరికా ఖండాలది. 2016లో ఆఫ్రికాలో బయటపడింది, 2018 మేలో కర్ణాటకలోని శివమొగ్గ దగ్గర మన దేశంలో మొదటిసారి కనిపించింది, అదే ఏడాది తెలంగాణకూ వచ్చేసింది. దాని రెక్కల పురుగు ఒక్క రాత్రిలో గాలివాటున వంద కిలోమీటర్ల దాకా ఎగరగలదు. అంటే వరంగల్‌లో చీకటిపడ్డాక బయల్దేరితే తెల్లారేసరికి కరీంనగర్ దాటిపోవచ్చన్నమాట, బస్సు టికెట్ కూడా అక్కర్లేదు.

సంక్రాంతి నాటికి యాసంగి మక్క మోకాళ్ల ఎత్తుకో నడుము ఎత్తుకో ఉంటుంది, చూడటానికి అదే సరైన సమయం. గట్టు పక్క సాళ్లు వదిలేసి లోపలికి పోయి, ఇంగ్లీషు డబ్ల్యూ అక్షరం గీసినట్టు నడుస్తూ ఐదు చోట్ల ఆగుతాం, ఆగినచోటల్లా వరుసగా పది మొక్కలు చూస్తాం. వరుసగా అని ఎందుకంటున్నానంటే, పెద్దవాళ్లు కూడా కొరికిన మొక్క కనబడగానే అటే ఉరుకుతారు, అప్పుడు చేనంతా పోయినట్టే లెక్క వస్తుంది. బాగున్న మొక్కనూ ఎంచాల్సిందే. ఆకు మీద గోకినట్టు తెల్లటి చారలుంటే పిల్ల పురుగు పని. ఆకులు చిల్లులు పడి, మొక్క నడుమ చుట్టుకున్న లేతాకుల సుడిలో తడి రంపపు పొట్టు లాంటి పెంట ఉంటే లోపల పెద్దది కూర్చుందని అర్థం. సుడి మెల్లగా విప్పి తల చూడండి, తలకిందులు చేసిన వై అక్షరం తెల్లగా కనిపిస్తుంది, తోక దగ్గర చతురస్రంలా నాలుగు నల్ల చుక్కలుంటాయి. ఈ రెండూ లేకపోతే అది మన పాత లద్దె పురుగో, ఇంకోటో. ఒక సుడిలో మామూలుగా ఒక్క పెద్ద పురుగే ఉంటుంది, ఎందుకంటే మిగతావాటిని అదే తినేస్తుంది! కొన్నిసార్లు పురుగు ఆకును పట్టుకుని కట్టెలా బిగుసుకుపోయి, ఒళ్లంతా తెల్లగానో ఆకుపచ్చగానో బూజు పట్టి ఉంటుంది. అది పురుగును చంపే ఒక రకం శిలీంధ్రం చేసిన మేలు. దాన్నీ వేరుగా రాయాలి, అది ఎక్కువున్న చేనులో మందు కొట్టమని తొందరపెట్టే వాళ్లంటే నాకు ఒళ్లు మంట.

లింగాకర్షక బుట్టలు కూడా చూస్తాం. ఆడ పురుగు వాసన లాంటిది అందులో పెడతారు, మగవి వచ్చి పడతాయి. వేరే జాతులవీ అప్పుడప్పుడు పడతాయి కాబట్టి బుట్టలో ఉన్నవన్నీ కలిపి ఒకే అంకె వేయొద్దు.

ఇక మిరప తోటలు. వరంగల్‌లోని ఎనుమాముల మార్కెట్‌కు వచ్చే ఎర్రటి బస్తాలు మీరు చూసే ఉంటారు. 2021లో ఆ తోటల మీద నల్ల తామర పురుగు పడింది. ఇది ఆగ్నేయాసియా నుంచి వచ్చింది, మన దేశంలో మొదట 2015లో బెంగళూరు దగ్గర బొప్పాయి మీద పట్టుకున్నారు. ఆరేళ్ల తర్వాత మిరప పూలలో దూరింది, పూలు రాలి కాయ పట్టక చాలామంది తోటలు పీకేశారు. అప్పుడు టెన్షన్‌తో వారానికి రెండేసిసార్లు మందులు కలిపి కొట్టినా లొంగలేదు, పైగా దాన్ని తినే మిత్ర పురుగులు చచ్చాయి. చూడటం తేలికే: పూవు కోసి తెల్ల కాగితం మీద దులిపితే మిల్లీమీటరంత నల్ల నలుసులు రాలి నడుస్తాయి. కాసేపు కాగితాన్నే చూడండి, కదలనిది దుమ్ము.

పత్తిలో గులాబీ రంగు పురుగు మాత్రం వేరే కథ, అది మనకు కొత్తగా వచ్చింది కాదు. 1843లో దానికి శాస్త్రీయ నామం పెట్టిందే మన దేశం పురుగును చూసి. అమెరికాకు అది బయటి పురుగు, అక్కడి పత్తిలో లేకుండా చేశామని వాళ్లు 2018లో ప్రకటించారు. సరిగ్గా అదే ఏడాది వాళ్ల కత్తెర పురుగు మన దగ్గర దిగింది, చూడండి విచిత్రం! ఈ గులాబీ పురుగుకు మందు ఎప్పుడు కొట్టాలో కూడా లెక్కే చెబుతుంది, లింగాకర్షక బుట్టకు రోజుకు 8 రెక్కల పురుగుల చొప్పున వరుసగా మూడు రోజులు పడితే కొట్టాలి.

వచ్చేటప్పుడు పొడుగు చేతుల చొక్కా, బూట్లు, పెన్సిల్ తెచ్చుకోండి, పొద్దున మంచుకు పెన్ను సిరా అలుక్కుపోతుంది. భూతద్దం నా దగ్గర ఉంది. మందు కొట్టిన చేనులో అడుగు పెట్టనివ్వను, మీరు ఎంత ఏడ్చినా సరే. అందుకే ముందురోజు సాయంత్రమే ఫోన్ చేయండి, ఎవరి చేనుకు పోవచ్చో అడిగి పెడతా.

మీ తాతయ్య