నిందితులు లేని కేసు, లెక్కకు రాని పిల్లలు

అప్పుల బాధతోనో, ఆలుమగల తగాదాతోనో కన్నవాళ్లే పిల్లల ప్రాణం తీసి తామూ ప్రాణం తీసుకున్నారన్న వార్త తిరుపతి, చిత్తూరు జిల్లాల్లో వచ్చినప్పుడల్లా ఒకే వివాదం మళ్లీ తలెత్తుతోంది. బతికి బయటపడిన తల్లి మీదనో తండ్రి మీదనో హత్య కేసు పెట్టడం ఏం న్యాయమని బంధువులు అడుగుతారు. పసిప్రాణం పోయాక కేసు కట్టకుండా ఎలా ఉంటామని పోలీసులు అడుగుతారు. రెండు ప్రశ్నలూ పెద్దవాళ్ల గురించినవే. చనిపోయిన పిల్లల ఇంటి పరిస్థితి అంతకుముందు వారాల్లో ఎవరెవరికి తెలుసు, తెలిసినవారికి ఏం చేసే వీలుంది అన్న మూడో ప్రశ్నను ఎవరూ గట్టిగా అడగరు. శిశు సంక్షేమ రంగంలో పనిచేసేవారు మాత్రం అసలు అడగవలసింది అదేనంటారు. ఈ నేపథ్యాన్ని వారి వైపు నుంచి చూస్తేనే ముడి ఎక్కడ పడిందో కనబడుతుంది.

ఆత్మహత్యాయత్నం నేరమా కాదా అన్న పాత చర్చ, దాన్ని నేరంగా చూసే ఐపీసీ (భారతీయ శిక్షాస్మృతి) 309వ సెక్షన్‌ను 1994లో సుప్రీంకోర్టు కొట్టివేయడం, 1996లో రాజ్యాంగ ధర్మాసనం దాన్ని తిరిగి నిలబెట్టడం తెలిసిన సంగతులే కనుక వాటి జోలికి పోవడం లేదు. ఇప్పటి వివాదానికి అసలు మలుపు 2018 మే 29. ఆ రోజున అమల్లోకి వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలోని 115వ సెక్షన్ రెండు మాటలు చెప్పింది. ప్రాణం తీసుకోబోయిన మనిషి, కాదని రుజువైతే తప్ప, తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలనీ, ఐపీసీ కింద విచారించి శిక్షించరాదనీ మొదటి ఉపసెక్షన్ అంటుంది. ఆ మనిషికి సంరక్షణ, చికిత్స, పునరావాసం కల్పించి, మళ్లీ అలాంటి ప్రయత్నం జరిగే ప్రమాదాన్ని తగ్గించవలసిన బాధ్యత ప్రభుత్వానిదని రెండోది అంటుంది. మొదటి మాట కోర్టుల దాకా, పత్రికల దాకా త్వరగానే చేరింది. 2024 జులై 1న ఐపీసీ స్థానంలో అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 309ని పూర్తిగా వదిలేసి, ప్రభుత్వోద్యోగిని ఒత్తిడి చేయడానికో అడ్డుకోవడానికో చేసే ఆత్మహత్యాయత్నాన్ని మాత్రమే 226వ సెక్షన్ కింద నేరంగా ఉంచింది. రెండో మాట గురించి అడిగినవారు మాత్రం తక్కువ.

శిక్ష భయం పోవడం మంచిదే, అందులో సందేహం లేదు. అయితే ఆ చట్టం రోగిని చూసింది గాని రోగి ఇంటిని చూడలేదు. ఒక తల్లి ప్రాణాపాయ స్థితిలో ఆసుపత్రికి వస్తే క్యాజువాల్టీలో ఎంఎల్‌సీ (పోలీసులకు తెలియజేయవలసిన మెడికో లీగల్ కేసు నమోదు) రాస్తారు, అవుట్‌పోస్టు కానిస్టేబులు వచ్చి వాంగ్మూలం తీసుకుంటాడు, చాలాసార్లు ‘కడుపునొప్పి తాళలేక’ అన్న కాగితం మీద వేలిముద్రో సంతకమో పడుతుంది. (ఈ కడుపునొప్పి మన రికార్డుల్లో ఎంత పాతదో స్టేషన్ల చుట్టూ తిరిగే విలేకరులందరికీ తెలుసు.) ఇంట్లో పిల్లలెంతమంది, ఈ రాత్రి వాళ్లు ఎవరి దగ్గర పడుకుంటారు, డిశ్చార్జి అయ్యాక వాళ్లతో ఒంటరిగా ఉండేది ఎవరు అని అడగాలని 115వ సెక్షన్‌లో ఎక్కడా లేదు. ప్రభుత్వ యంత్రాంగానికి, ప్రమాదంలో ఉన్న ఇంటికి మధ్య తలుపు తెరుచుకునే మొదటి సందర్భం తరచుగా ఆ ఆసుపత్రి మంచమే. అక్కడ అడగని ప్రశ్నను తర్వాత పంచనామాలో అడిగి ప్రయోజనం లేదు.

ఇదే సెక్షన్ ఇప్పుడు కోర్టు వాదనల్లోకీ వస్తోంది. ‘ఆ కోడ్ (అంటే ఐపీసీ) కింద విచారించరాదు’ అన్న మాటలు 309కి మాత్రమే పరిమితమా, లేక పిల్లల మరణానికి సంబంధించిన హత్యాభియోగానికి కూడా అడ్డుపడతాయా అని వాదించడానికి డిఫెన్సు వకీళ్లకు సందు దొరికింది. చట్టం ఉద్దేశం ఆత్మహత్యాయత్నం వరకేనన్నది ప్రాసిక్యూషన్ జవాబు. చట్టం ఉద్దేశాన్ని చూస్తే ప్రాసిక్యూషన్ మాటే సబబుగా తోస్తుంది, ఎందుకంటే తన ప్రాణం మీద మనిషికి చూపిన దయను మరొకరి ప్రాణం మీదికి సాగదీయడం ఆ సెక్షన్ చేయదలచిన పని కాదు. అయితే ఈ ఇబ్బంది కొత్తది కాదు. భర్త వెంటపడుతున్నాడన్న భయంతో పసిబిడ్డను ఎత్తుకుని పారిపోతూ బిడ్డను పోగొట్టుకున్న ఒక పల్లెటూరి యువతి కేసులో 1940లోనే అలహాబాదు హైకోర్టు, అది హత్య కాదనీ, హత్య కిందికి రాని ప్రాణహరణమనీ, ఆమె చేసింది ఆత్మహత్యాయత్నం కూడా కాదనీ తేల్చింది. 1953లో మధ్యభారత్ హైకోర్టు ముందుకు వచ్చిన మరో తల్లి విషయంలో, ఇంట్లో తగాదాతో ముగ్గురు పిల్లలతో కలిసి చావబోయి తాను మాత్రం బతికినందుకు, ఆ కోర్టు హత్యానేరమే ఖాయం చేస్తూ, శిక్ష తగ్గించమని ప్రభుత్వానికి సిఫారసు చేసింది. నేరమని చెప్పక తప్పలేదు, పూర్తి శిక్ష వేయడానికి మనసొప్పలేదు. డెబ్బై ఏళ్లు గడిచినా న్యాయస్థానాలు ఆ రెంటి మధ్యే నలుగుతున్నాయి.

తల్లిదండ్రులిద్దరూ చనిపోయిన చోట ఈ వాదనకు కూడా తావు లేదు. నిందితుడు మరణిస్తే క్రిమినల్ కేసు అక్కడితో ముగుస్తుంది. ఎవరిని శిక్షించాలన్న ప్రశ్న లేనప్పుడు ఎందుకు జరిగిందన్న ప్రశ్ననూ ఫైలుతో పాటే మూసేస్తారు. లెక్కల్లోనూ అదే తీరు. జాతీయ నేర రికార్డుల సంస్థ ఏటా వెలువరించే ఆత్మహత్యల నివేదికలో సామూహిక, కుటుంబ ఆత్మహత్యలకు విడిగా ఒక శీర్షిక ఉంది. 2022లో దేశంలో 1,70,924 ఆత్మహత్యలు నమోదయ్యాయనీ, వాటిలో 31.7 శాతానికి కుటుంబ సమస్యలే కారణమనీ అదే నివేదిక చెప్పింది. నాలుగేళ్ల బిడ్డ ఆత్మహత్య చేసుకోదు. అయినా అమ్మానాన్నలతో పాటు ఆ బిడ్డనూ ‘కుటుంబ ఆత్మహత్య’ అన్న ఒక్క మాటలోనే చేర్చేస్తున్నాం. పత్రికల శీర్షికలూ అందుకు మినహాయింపు కాదు.

జపాన్ ఈ చిక్కును ఎదుర్కొన్న తీరు గమనించదగింది. పిల్లలతో కలిసి చావడాన్ని సానుభూతితో చూసే సంప్రదాయం బలంగా ఉన్న ఆ దేశంలో, పిల్లలపై హింస నిరోధక చట్టం 2000లో వచ్చాక, ప్రభుత్వ నిపుణుల కమిటీ ఇలాంటి మరణాలను హింస వల్ల పోయిన ప్రాణాలుగానే పరిగణిస్తూ, విడి వర్గంగా లెక్కించి సమీక్షిస్తోంది. ఇంగ్లండులో 2008 ఏప్రిల్ నుంచి పద్దెనిమిదేళ్ల లోపు ప్రతి మరణాన్నీ స్థానిక ప్యానెల్ పరిశీలించాలి. మన దగ్గర 2014లో శిశు మరణాల సమీక్షకు కేంద్ర ఆరోగ్య శాఖ మార్గదర్శకాలు ఇచ్చింది గాని అవి ఐదేళ్ల లోపు పిల్లల వరకే; వాటి దృష్టి జబ్బు మీద, వైద్యం అందడంలో జరిగే ఆలస్యం మీద ఉంది. ఆరో తరగతి చదివే అమ్మాయి ఇలా చనిపోతే ఆ మార్గదర్శకాల పరిధిలోకి రాదు.

అప్పుల కోణాన్ని తోసిపుచ్చడానికి లేదు. 2010 అక్టోబరులో ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం మైక్రోఫైనాన్స్ సంస్థలపై ఆర్డినెన్సు తెచ్చింది, 2011 జనవరిలో ఆ సంస్థలపై రిజర్వు బ్యాంకు వేసిన మాలెగాం కమిటీ నివేదిక వచ్చింది, ఫోనులోని నంబర్ల జాబితాను రుణ యాప్‌లు ముట్టుకోరాదని 2022 సెప్టెంబరులో రిజర్వు బ్యాంకు చెప్పింది. వసూలుకు వచ్చినవారి వేధింపే అన్నిటికీ మూలమన్న బంధువుల మాటలో నిజం ఉంది. కానీ అదే వీధిలో, అదే సంఘంలో, అంతే అప్పున్న ఇళ్లలో పిల్లలు బతికే ఉన్నారు. అప్పు పెద్దల నిస్పృహను వివరిస్తుందే తప్ప, ఆ నిస్పృహ పిల్లల దాకా ఎలా పాకిందో చెప్పదు.

దానికి జవాబు వైద్య సాహిత్యంలో చాలాకాలంగా ఉంది. కన్నవారి చేతిలో పిల్లలు చనిపోయిన 131 ఉదంతాలను పరిశీలించి అమెరికన్ మనోవైద్యుడు ఫిలిప్ రెస్నిక్ 1969లో వాటిని ఐదు తరగతులుగా విడదీశారు. బిడ్డ మేలు కోరే ఈ పని చేస్తున్నామని తల్లో తండ్రో నమ్మడం వాటిలో ఒకటి, ఆత్మహత్యతో ఎక్కువగా ముడిపడి ఉన్నదీ అదే. మన ఊళ్లలో ఆ నమ్మకానికి మాట సిద్ధంగానే ఉంది: ‘నేను పోతే వీళ్లనెవరు చూస్తారు?’ రెస్నిక్ చెప్పిన మరో తరగతి భార్య మీదనో భర్త మీదనో పగ. ‘పిల్లల్ని చంపి నేనూ చస్తా’ అన్న బెదిరింపు పెద్దమనుషుల పంచాయతీలో, స్టేషను కౌన్సెలింగులో నలుగురి ఎదుటా వినబడుతూనే ఉంటుంది. కోపంలో అన్నమాటేలే అని పెద్దలు సర్దిచెప్పి ఇద్దరినీ ఒకే ఇంటికి పంపిస్తారు. గృహహింస చట్టం, 2005 కింద బాధితురాలు రక్షణ ఉత్తర్వు, పిల్లల తాత్కాలిక సంరక్షణ రెండూ కోరవచ్చు. ఆ బెదిరింపు వినగానే మహిళల సహాయ నంబరు 181కి గాని, ఆ చట్టం కింద నియమితుడైన రక్షణాధికారికి గాని కబురు పెట్టడం కాపురం కూల్చడం కాదన్న సంగతి మన పెద్దమనుషులకు ఎవరైనా చెప్పాలి.

తిరుపతికి ఒక ప్రత్యేకత ఉంది. ఒంటరిగా వచ్చిన మనిషికి గది ఇవ్వడానికి తటపటాయించే లాడ్జి గుమాస్తా, పిల్లాపాపలతో వచ్చిన కుటుంబానికి తాళం చెవి ఇవ్వడానికి ఆలోచించడు. ఏ అనుమానమూ అక్కర్లేదనడానికి పిల్లలే పూచీ. వచ్చినవారు పొరుగు రాష్ట్రం వారైతే వారి అప్పులు, వారి తగాదాలు తెలిసినవారు ఇక్కడ ఎవరూ ఉండరు. ఆధారాలన్నీ సొంత ఊళ్లో, శవాలన్నీ ఇక్కడి మార్చురీలో ఉంటాయి. ఇలాంటి ఉదంతాల్లో రెండు చోట్ల పోలీసుల ఫైళ్లను పక్కపక్కన పెట్టి చదవవలసిన బాధ్యత ఏ ఒక్క అధికారికీ లేదు.

‘వీళ్లనెవరు చూస్తారు’ అన్న ప్రశ్నకు మన చట్టాల్లో జవాబు లేకపోలేదు. బాల న్యాయ చట్టం, 2015 ప్రకారం ఏర్పడిన బాలల సంక్షేమ కమిటీ సంరక్షణ అవసరమైన పిల్లలను బంధువుల దగ్గరో, తాత్కాలికంగా పెంచే (ఫాస్టర్) కుటుంబంలోనో, బాలల గృహంలోనో ఉంచగలదు. కేంద్రం శిశు సంరక్షణ పథకం మిషన్ వాత్సల్య కింద, పల్లెల్లో ఏడాదికి 72,000, పట్టణాల్లో 96,000 రూపాయల ఆదాయం మించని ఇళ్లలో, వితంతువుల పిల్లలకు, భర్త నుంచి విడిపోయిన తల్లుల పిల్లలకు, ప్రాణాంతక జబ్బుతో ఉన్నవారి పిల్లలకు నెలకు 4,000 రూపాయల స్పాన్సర్‌షిప్ ఉంది. పిల్లల సహాయ నంబరు 1098కి ఫోను చేస్తే కదిలే యంత్రాంగం ఉంది. 2022 అక్టోబరు నుంచి 14416 నంబరులో ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ సేవ టెలీ మానస్ ఉంది, అక్కడ తెలుగులోనే మాట్లాడవచ్చు. అప్పు పిల్లల నెత్తిన పడుతుందన్న భయానికీ జవాబు ఉంది: 2005 సెప్టెంబరు 9న అమల్లోకి వచ్చిన హిందూ వారసత్వ సవరణ చట్టం, ఆ తర్వాత తండ్రి చేసిన అప్పును కొడుకు తీర్చడం ధర్మమన్న ఒక్క కారణంతో అతని మీద వసూలుకు దిగే హక్కును గుర్తించరాదని కోర్టులకు చెప్పింది. వారసత్వంగా వచ్చిన ఆస్తికి మించి పిల్లలు తీర్చవలసింది ఏమీ లేదు.

ఈ సంగతులు చెప్పవలసింది ఎవరన్న దగ్గర శిశు సంక్షేమ కార్యకర్తల డిమాండు ఆగి ఉంది. ఆత్మహత్యాయత్నంతో వచ్చిన ప్రతి తల్లి, ప్రతి తండ్రి ఎంఎల్‌సీలో పిల్లల వివరాలకు ఒక గడి పెట్టాలనీ, అది నిండిన రోజే బాలల సంక్షేమ కమిటీకి, ఆ ఊరి సచివాలయంలోని మహిళా పోలీసుకు, అంగన్‌వాడీ కార్యకర్తకు సమాచారం వెళ్లాలనీ వారు కోరుతున్నారు. అలా చేస్తే పిల్లలను లాక్కుపోతారన్న భయంతో జనం ఆసుపత్రికి రావడమే మానేస్తారన్నది వైద్యుల్లో కొందరి అభ్యంతరం. ఆ అభ్యంతరం తేలికగా తీసిపారేయదగింది కాదు. అందుకే మొదట వెళ్లేది ఖాకీ చొక్కా కాక అంగన్‌వాడీ కార్యకర్త కావాలనీ, పిల్లలను ఇంట్లోంచి తీయడం కాక, ఇంట్లో మరో పెద్ద మనిషిని తోడుంచడం మొదటి మెట్టు కావాలనీ కార్యకర్తలు తమ ప్రతిపాదనను సవరించుకున్నారు.