లీటరు బయో మందు కొడితే రెండు బస్తాల యూరియా తప్పుతుందా?

2025 వానాకాలంలో యూరియా కోసం సొసైటీల ముందు చెప్పులు వరుసలో పెట్టి నిలబడ్డ రైతుకు, పక్క దుకాణంలో హ్యూమిక్, అమినో ఆమ్లాలు, సముద్రపు నాచు లాంటి బయో మందు (బయోస్టిమ్యులెంట్, అంటే పైరు ఎదుగుదలకు ఊతమిచ్చేది) చూపి "ఈ లీటరు కొట్టు, రెండు బస్తాలు తప్పుతయ్" అంటే ఆశ పుట్టడం సహజం. అందుకు ఆయన్ని తప్పుపట్టలేం. కానీ ఆ మాట నమ్మి యూరియా మానేసిన వాళ్లు దిగుబడిలో మునుగుతున్నారు. వరంగల్ ప్రాంతంలోని నర్సంపేట, పరకాల వైపు మళ్లీ మళ్లీ వినిపించే అపోహల్లో ఖరీదైనది ఇదే.

లెక్క చూడండి. వరికి ఎకరాకు 48 కిలోల నత్రజని ఇవ్వాలంటే 104 కిలోల యూరియా కావాలి, అంటే 45 కిలోల బస్తాలు రెండుకు పైనే. అమినో ఆమ్లాల డబ్బాలో నత్రజని 5 శాతం ఉందనుకుందాం. లీటరుకు వచ్చేది సుమారు 50 గ్రాములు, రెండు గుప్పెళ్ల యూరియాలో ఉండేంత. హ్యూమిక్, సముద్రపు నాచు మందుల్లో సాధారణంగా అంత కూడా ఉండదు.

మరి పని చేయవా? చేస్తాయి, వాటి పని వేరు. హ్యూమిక్‌తో పక్క వేర్లు, నూగు వేర్లు పెరుగుతాయి. వేరు కణాల పొరలోని ఎంజైము చురుకై, నత్రజని రూపాల్లో ఒకటైన నైట్రేట్‌ను ఎక్కువగా లోపలికి లాగుతుంది. అమినో ఆమ్లాలు, పీల్చుకున్న నైట్రేట్‌ను మొక్క వాడుకునేలా మార్చే నైట్రేట్ రిడక్టేజ్ అనే ఎంజైమ్‌కు ఊతమిస్తాయి. అంటే నేలలో ఉన్న నత్రజని వృథా కాకుండా మొక్కకు చేరడానికి సాయం. నేలలో లేనిదాన్ని మాత్రం ఏ వేరూ తేలేదు. ఫలితం కూడా నేలను బట్టి, ఆ ఏడు వానలను బట్టి మారుతుంది.

దెబ్బ ఎక్కడ తగులుతుందంటే, పిలకల దశ యూరియా ఆపి మందు కొడతారు. నాలుగైదు రోజులకు పైరు కాస్త ముదురు ఆకుపచ్చగా నల్లబడుతుంది (డబ్బాలో ఇనుమో జింకో కలిసి ఉన్నా నల్లబడుతుంది), రైతు నిశ్చింతగా ఉంటాడు. తర్వాత అడుగు ఆకులు కొనల నుంచి పసుపు రంగుకు మారతాయి. మక్కలో అయితే ఆ పసుపు కొన నుంచి నడిమి ఈనె వెంట 'వి' ఆకారంలో దిగుతుంది. అప్పుడు పరుగెత్తి యూరియా చల్లినా, రాని పిలకలు రావు.

యూరియా నిజంగా ఆదా చేయాలంటే ముందు అది గాలిలో, నీళ్లలో పోకుండా చూడాలి. వరిలో నీళ్లు తీసేసి, బురద పదునులో చల్లి, రెండు రోజులాగి నీళ్లు పెట్టండి. మొత్తం ఒకేసారి కాకుండా మూడు దఫాలుగా వేయండి. మక్క, పత్తిలో మొక్కకు రెండు మూడు అంగుళాల దూరంలో పెట్టి మట్టి కప్పండి. మట్టి కప్పకుండా పైన చల్లితే కొంత అమ్మోనియాగా ఎగిరిపోతుంది.

ఇంకో మాట. యాసంగిలో చలికి వరి ఎదగక, ఆకుల మీద తుప్పు మచ్చలు కనిపిస్తే అది నత్రజని లోపం కాకపోవచ్చు, జింకు కావచ్చు. లీటరు నీటికి 2 గ్రాముల జింక్ సల్ఫేట్, ఐదు రోజుల తేడాతో రెండు మూడు సార్లు, విడిగా కొట్టాలి.

"బయో కదా, దేంట్లో కలిపినా ఫర్వాలేదు" అనేది ఇంకో అపోహ. హ్యూమిక్‌ను కాల్షియం నైట్రేట్‌తో గానీ, బాగా ఉప్పు బోరు నీళ్లతో గానీ కలిపితే ముద్దలు కట్టి నాజిల్ మూసుకుంటుంది. అమినో మందును రాగి శిలీంధ్రనాశినితో కలిపితే ఆకు మాడొచ్చు. ముందు బకెట్లో కొద్దిగా కలిపి అరగంట చూడండి. 2,4-డి అనే కలుపు మందు కొట్టిన పంపుతో పత్తిలోకి అసలే దిగొద్దు, ఆకులు సన్నగా పీలికల్లా అయిపోతాయి, తప్పంతా బయో మందు మీదికి పోతుంది.

మోతాదు రెట్టింపు చేస్తే? డబ్బు దండగ, పైరుకు చేటు కూడా జరగొచ్చు.

పురుగు కూడా చచ్చిందని మెచ్చుకునే బయోస్టిమ్యులెంట్‌ను అనుమానించండి. 2021లో ఎరువుల నియంత్రణ ఉత్తర్వులోకి వీటిని తెచ్చినప్పుడు పురుగుమందు అవశేషం 0.01 పీపీఎం (పది లక్షల భాగాల్లో 0.01 భాగం) దాటకూడదని పెట్టారు. ఆ మోతాదుకు పురుగు చావదు. డబ్బా మీద పంట పేరు, మోతాదు లేకపోతే తీసుకోవద్దు. యూరియాకు లింకు పెట్టి అంటగడితే బిల్లు అడిగి, మండల వ్యవసాయాధికారికి చూపండి.

కొట్టి చూడాలనుకుంటే పది సాళ్లు కొట్టకుండా వదలండి, యూరియా రెండింటికీ ఒకే తీరుగా వేయండి. యూరియా తగ్గించే ప్రయోగం కూడా ఇంకో పది సాళ్లలోనే, అదీ పావు వంతుకు మించకుండా. కోసినప్పుడు దేని కాంటా దానికే పెట్టించండి.