వేళను బట్టి మారే టోల్: అపోహలు - వాస్తవాలు

ట్రాఫిక్ ప్లానింగ్ నా పని, ఉండేది నల్లగొండ. సంక్రాంతి దగ్గర పడితే చాలు, హైదరాబాద్-విజయవాడ హైవే మీది పంతంగి టోల్‌గేట్ దగ్గర లైన్ల ఫొటోలు పంపి ఒకటే ప్రశ్న అడుగుతారు: రద్దీ వేళ టోల్ పెంచితే ఈ జామ్ తగ్గదా?

అపోహ: రద్దీ వేళ టోల్ డబుల్ చేస్తే ఈ జామ్ ఉండదు.

వాస్తవం: పండక్కి ఊరికి పోయేవాళ్లు వంద రూపాయలు ఎక్కువని ఆగరు. సెలవు దొరికినప్పుడే బయల్దేరాలి. రేటు చూసి వేళ మార్చుకోగలిగేది సరుకు లారీలు, పట్నం పోయే వ్యాపారుల లాంటివాళ్లు. పైగా మన హైవేల మీద రేటు గంటను బట్టి మారదు, బండి రకాన్ని, దూరాన్ని బట్టి ఉంటుంది. 2025 ఆగస్టు 15 నుంచి సొంత కార్లకు 200 ట్రిప్పుల వార్షిక పాస్ కూడా వచ్చింది, మొదట 3,000 రూపాయలకు. పాస్ ఉన్నాక పొద్దునైతేనేం, అర్ధరాత్రైతేనేం?

అపోహ: మొదట్లో తగ్గినా, జనం అలవాటుపడి మళ్లీ మామూలే.

వాస్తవం: స్టాక్‌హోమ్‌లో 2006 జనవరి నుంచి జూలై దాకా, వేళను బట్టి మారే రుసుమును ప్రయోగంగా పెట్టారు. రుసుము పెట్టిన ప్రాంతం సరిహద్దు దాటే బండ్లు సుమారు 20 శాతం తగ్గాయి. ఆపగానే చాలావరకు తిరిగొచ్చాయి. 2007 ఆగస్టులో శాశ్వతం చేశాక మళ్లీ తగ్గాయి, ఆ తగ్గుదల ఏళ్ల తరబడి నిలిచింది. లండన్ కథ వేరు. 2003లో నగరం నడిబొడ్డుకు పనిదినాల్లో పగటిపూట వచ్చే బండ్లకు, ఏ గంటకొచ్చినా ఒకే రేటుగా రోజుకు 5 పౌండ్లు పెట్టారు. లోపలికొచ్చే బండ్లు తగ్గాయి కానీ, కొన్నేళ్లకే ఆలస్యాలు మొదటికొచ్చాయి. రోడ్ల తవ్వకాలు, బస్సులకూ నడిచేవాళ్లకూ ఇచ్చిన జాగా ఇందుకు పెద్ద కారణాలు. సింగపూర్‌లో 1998 నుంచి బండ్ల వేగం కొలిచి రేట్లు సవరిస్తున్నారు. ఎక్స్‌ప్రెస్‌వేల మీద గంటకు 45 నుంచి 65 కిలోమీటర్ల వేగం ఉండేలా చూస్తారు. బండ్లు అంతకన్నా జోరుగా పోతుంటే రేటు తగ్గిస్తారు కూడా! ఒకసారి పెట్టి మరిచిపోతే పనిచేసే పద్ధతి కాదిది.

అపోహ: బండ్లన్నీ పక్క రోడ్ల మీద పడతాయి.

వాస్తవం: సగం నిజమే. గుంటూరు పోయేవాళ్లు నార్కట్‌పల్లి దగ్గర మళ్లి నల్లగొండ, మిర్యాలగూడ మీదుగా పోవచ్చు. ఆ దారిలో మాడ్గులపల్లి టోల్ ఉంది. విజయవాడ హైవే మీది కొర్లపహాడ్ టోల్‌గేట్‌లో మాత్రమే రేటు పెంచితే రద్దీ మా ఊరి వైపు జరుగుతుందంతే. రెండు దారుల రేట్లూ కలిపి ఆలోచించాలి.

అపోహ: ఇదంతా డబ్బులు గుంజడానికే.

వాస్తవం: స్టాక్‌హోమ్‌లో రుసుముకు ముందే బస్సులు పెంచారు. రోజూ చౌటుప్పల్ నుంచి హైదరాబాద్‌కు ఉద్యోగానికి పోయేవాళ్లకు బస్సులో సీటు దొరకకుండా రద్దీ టోల్ పెడితే మాత్రం, గుంజడమే అని నేనూ అంటాను.