కొలంబియాలో తిరగడం, తినడం, ఇల్లు కొనడం: అపోహలు - వాస్తవాలు

మెడెయిన్ నగరంలో విదేశీయులకు ఇళ్లు చూపించడం, కొనే ముందు కాగితాలు సరిచూడడం నా పని. అమెరికాలో ఉన్న తెలుగువాళ్లు ఎక్కువగా ఫోన్ చేస్తుంటారు, ఈమధ్య హైదరాబాద్ నుంచీ చేస్తున్నారు. మొదటి ప్రశ్న దాదాపు ఎప్పుడూ ఒకటే: "అక్కడ కిడ్నాపులు చేస్తారటగా?" డబ్బు ఎలా పంపాలన్నది మాత్రం చివర్లో అడుగుతారు, కొందరైతే పంపేశాక అడుగుతారు. నేను చూసినంతలో మనవాళ్లు నష్టపోతున్నది ఆ డబ్బు దగ్గరే.

అపోహ: కొలంబియా అంటే డ్రగ్స్, తుపాకులు. కాలు పెట్టకూడదు.

మెడెయిన్ డ్రగ్స్ ముఠా నాయకుడు పాబ్లో ఎస్కోబార్ చనిపోయింది 1993 డిసెంబరులో. 1995లో మెడెయిన్‌కు మెట్రో వచ్చింది. 2004లో కొండమీది పేద బస్తీలకు కేబుల్‌కార్ వేసి మెట్రోతో కలిపారు. అంతకుముందు పనికి వెళ్లాలంటే కొండ దిగి ఎక్కాల్సిన వాళ్లు ఇప్పుడు ఒకే టికెట్‌తో ఊరంతా తిరుగుతున్నారు. ఇక్కడి వాళ్ల ముందు ఎస్కోబార్ గురించి జోకులు వేయకండి, ఆయన బొమ్మ ఉన్న టీషర్టులు వేసుకోకండి. ఆ రోజుల్లో మనుషుల్ని పోగొట్టుకున్న కుటుంబాలు ఈ ఊళ్లో చాలా ఉన్నాయి.

అలాగని ప్రమాదమే లేదని చెప్పను. కౌకా, కటటుంబో, అరౌకా ప్రాంతాల్లో సాయుధ ముఠాలు ఉన్నాయి, అటు వెళ్లొద్దు. నగరాల్లో బైక్ మీద వచ్చి ఫోన్ లాక్కుపోవడం మామూలు, కాబట్టి రోడ్డు పక్కన నిలబడి ఫోన్ చూడకండి. అన్నిటికంటే పెద్ద ప్రమాదం డేటింగ్ యాప్‌లో పరిచయమైన మనిషిని గదికి పిలవడం. స్కోపొలమిన్ అనే మందు కలిపి స్పృహ తప్పించి దోచుకుంటారు. ప్రాణాలు పోయిన సందర్భాలూ ఉన్నాయి. మెడెయిన్‌లో వరుస మరణాల తర్వాత 2024 జనవరిలో అమెరికా ఎంబసీ దీని గురించే ప్రత్యేకంగా హెచ్చరించింది.

అపోహ: అమెరికా వీసా ఉంటే చాలు, ఇంకేమీ అక్కర్లేదు.

భారత పాస్‌పోర్టుకు మామూలుగా వీసా కావాలి. అమెరికా లేదా షెంగెన్ వీసా ఉన్నవాళ్లకు మినహాయింపు ఉంది, కానీ దిగే రోజుకు ఆ వీసాకు కనీసం 180 రోజుల గడువు మిగిలి ఉండాలి. హెచ్-1బీ మీద ఉన్నవాళ్లు అమెరికా ఇమిగ్రేషన్ శాఖ ఇచ్చే ఐ-797 ఆమోద కాగితం చూపిస్తే సరిపోతుందనుకుంటారు. అది వీసా కాదు, పాస్‌పోర్టులో స్టాంపింగ్ ఉండాలి. గ్రీన్‌కార్డు ఉంటే ఇబ్బంది లేదు.

ఇండియాకు తిరిగి వెళ్లేవాళ్లకు ఇంకో మాట. ఎల్లో ఫీవర్ టీకా కార్డు లేకుండా కొలంబియా నుంచి బయలుదేరిన ఆరు రోజుల్లోపే ఇండియా చేరితే మన విమానాశ్రయంలోనే ఆపి, ఆరు రోజుల వరకు క్వారంటైన్‌లో పెట్టవచ్చు. టీకా ప్రయాణానికి కనీసం పది రోజుల ముందే వేయించుకోవాలి. హైదరాబాద్‌లో నారాయణగూడ ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్)లో వేస్తారు.

అపోహ: దక్షిణ అమెరికా తిండి కారంగా ఉంటుంది, మనకు బాగా కుదురుతుంది.

మెక్సికోతో కలిపేసి అనుకునే మాట ఇది. కొలంబియా వంటలో కారం దాదాపు ఉండదు. బల్ల మీద చిన్న గిన్నెలో అహీ అనే పచ్చడి పెడతారు, కారం కావాలంటే అదే దిక్కు. మధ్యాహ్నం ఏ సందులోకి వెళ్లినా "మెనూ దెల్ దియా" దొరుకుతుంది: ముందు సూప్, తర్వాత పళ్లెంలో అన్నం, రాజ్మా లాంటి చిక్కుడు గింజలు, మాంసం ముక్క, వేయించిన అరటి, ఒక గ్లాసు పళ్లరసం. 15 నుంచి 20 వేల పెసోలు అవుతుంది. అన్నం, పప్పు లేనిదే గడవని మనకు ఇంతకంటే దగ్గరి భోజనం ఈ ఖండంలో అరుదు. బొగోటా 2,600 మీటర్ల ఎత్తున ఉంటుంది కాబట్టి సాయంత్రానికి చలి పట్టుకుంటుంది. అప్పుడు వేడివేడి బెల్లం నీళ్లు, అంటే అగ్వాపనేలా, చీజ్ ముక్కతో ఇస్తారు. బెల్లం తయారీలో ఇండియా తర్వాతి స్థానం కొలంబియాదే.

శాకాహారులు మాత్రం జాగ్రత్త. "మాంసం వద్దు" అంటే చాలాచోట్ల గొడ్డుమాంసం తీసేసి కోడి పెడతారు. చిక్కుడు గింజల్లో పంది ముక్క వేసి ఉడికిస్తారు, సూప్ ఎముకల నీళ్లతో చేస్తారు. "నీ కార్నే, నీ పోయో, నీ సెర్దో, నీ పెస్కాదో" అని మాంసం, కోడి, పంది, చేప ఒక్కొక్కటీ పేరుపెట్టి వద్దని చెప్పండి. సూప్ దేనితో చేశారో కూడా అడగండి.

బిల్లులో కనిపించే పది శాతం టిప్ తప్పనిసరి కాదు. వేయమంటారా అని వాళ్లే అడగాలి, అది చట్టం.

అపోహ: విదేశీయులకు ఇక్కడ ఆస్తి కొనే హక్కు లేదు.

ఉంది. ఇల్లు కొనడానికి వీసా కూడా అవసరం లేదు, పాస్‌పోర్టు చాలు. చిక్కంతా డబ్బు వచ్చే దారిలో ఉంది. విదేశంలోని మీ సొంత ఖాతా నుంచి డబ్బు బయలుదేరాలి, ఇక్కడ అనుమతి ఉన్న బ్యాంకు లేదా బ్రోకరేజ్ సంస్థ ద్వారా పెసోలుగా మారాలి. అదే సమయంలో ఇది స్థిరాస్తిలో పెట్టుబడి అని డిక్లరేషన్ ఇవ్వాలి. దాన్ని ఇప్పటికీ చాలామంది పాత పేరుతో ఫార్ములారియో 4 అంటారు. ఆ వివరం బాంకో దె లా రెపుబ్లికాలో, అంటే ఇక్కడి కేంద్ర బ్యాంకులో నమోదవుతుంది. రేపు ఇల్లు అమ్మి డబ్బు బయటికి తీసుకెళ్లే హక్కు ఆ నమోదుతోనే వస్తుంది. అమ్మేవాడి మయామీ ఖాతాకు పంపినా, స్నేహితుడి పేరు మీద పంపినా, నగదు పట్టుకొచ్చినా ఇల్లు మీ పేరున రిజిస్టర్ కావచ్చు గానీ, ఆ పెట్టుబడి కేంద్ర బ్యాంకు లెక్కలోకి రాదు. ఇలా ఇరుక్కున్న వాళ్ల ఫోన్లు నాకు తరచూ వస్తాయి. తర్వాత సరిదిద్దడం చాలా కష్టం.

ఇక కాగితం. మన ఈసీ లాంటిది ఇక్కడ ఒకటి ఉంది, సెర్టిఫికాదో దె త్రదిసియోన్ ఇ లిబెర్తాద్ అంటారు. ఆస్తి నంబరు కొడితే ఆన్‌లైన్‌లో వస్తుంది. మొదటి నుంచి జరిగిన ప్రతి లావాదేవీ వరుస నంబరుతో ఉంటుంది. నేను ముందు చూసేది పేర్ల పక్కన ఉండే చిన్న అక్షరం. ఎక్స్ ఉంటే పూర్తి హక్కుదారు. ఐ ఉంటే హక్కు అసంపూర్ణం, ఎంత చవగ్గా వచ్చినా వదిలేయండి. తర్వాత ఎంబార్గో, ఇపొతేకా, పత్రిమోనియో దె ఫమీలియా అన్న మాటలు వెతుకుతాను. మొదటిది జప్తు, రెండోది తనఖా, మూడోది కుటుంబ నివాసానికి ఉన్న చట్టపరమైన రక్షణ. ఇవి రద్దయినట్టు కింద మరో ఎంట్రీ కనిపించాలి. అడ్వాన్స్ ఇచ్చేటప్పుడు ఒకటి, సంతకాల రోజున మళ్లీ కొత్తది తీయండి.

అపోహ: దస్తావేజులో ధర తక్కువ రాయిస్తే అందరికీ లాభం.

ఈ అలవాటు మనకూ కొత్త కాదు, ఇక్కడా ఉండేది. ఇప్పుడు రాసిన ధర నిజమైనదని, పక్కన వేరే ఒప్పందం లేదని దస్తావేజులోనే ప్రమాణం చేయాలి. చేయకపోతే పన్నులు, ఫీజులు నాలుగింతలు పడతాయి. అబద్ధపు ప్రమాణం చేస్తే అది ఇంకో నేరం. పైగా మీరు అమ్మేటప్పుడు లాభం లెక్క ఆ తక్కువ ధర మీదే కడతారు.

అపోహ: ఏ ఇల్లు కొన్నా వీసా వస్తుంది, ఎయిర్‌బీఎన్‌బీలో పెడితే ఖర్చులు గడిచిపోతాయి.

స్థిరాస్తి పెట్టుబడి వీసాకు కనీస వేతనానికి 350 రెట్ల పెట్టుబడి ఉండాలి. 2024లో అది 45.5 కోట్ల పెసోలు, 2025లో 49.8 కోట్లు దాటింది. వేతనం పెరిగినప్పుడల్లా ఇదీ పెరుగుతుంది. కేంద్ర బ్యాంకులో నమోదైన మొత్తాన్నే చూస్తారు. అన్నీ సరిగ్గా ఉన్నా ఇవ్వాలా వద్దా అన్నది వాళ్ల విదేశాంగ శాఖ ఇష్టం.

రోజువారీ అద్దెకు ఇవ్వాలంటే జాతీయ పర్యాటక రిజిస్ట్రీలో పేరుండాలి, భవనం నిబంధనలూ ఒప్పుకోవాలి. మెడెయిన్‌లోని ఎల్ పొబ్లాదో ప్రాంతంలో ఒప్పుకోని భవనాలు చాలా ఉన్నాయి. ఏజెంటు నోటిమాట నమ్మకండి, నిబంధనల ప్రతి తెప్పించి చదివించండి.

అపోహ: ఇక్కడ పన్ను కట్టేశాక ఇండియాలో చెప్పక్కర్లేదు.

ఏ 365 రోజుల్లోనైనా కలిపి 183 రోజులు దాటి ఇక్కడ ఉంటే, మీ ప్రపంచ ఆదాయమంతా కొలంబియా పన్ను లెక్కలోకి వస్తుంది. ఇండియాలో నివసించేవాళ్లు ఎల్‌ఆర్‌ఎస్ (విదేశాలకు డబ్బు పంపడానికి ఆర్‌బీఐ పథకం) కింద ఏడాదికి 2.5 లక్షల డాలర్ల వరకే పంపగలరు. 10 లక్షల రూపాయలు దాటిన మొత్తంపై బ్యాంకు 20 శాతం టీసీఎస్ (పంపేటప్పుడే ముందుగా వసూలు చేసే పన్ను) పట్టుకుంటుంది, రిటర్న్ వేసినప్పుడు సర్దుబాటు చేసుకోవచ్చు. ఇండియాలో నివసించేవాళ్లు అద్దె రాకపోయినా, ఇల్లు ఖాళీగా ఉన్నా, రిటర్న్‌లోని విదేశీ ఆస్తులు రాసే షెడ్యూల్ ఎఫ్‌ఏలో ఆ ఆస్తిని ఏటా చూపించాలి.