సైకోథెరపీ, కౌన్సెలింగ్ పీజీకి దరఖాస్తు: అపోహలు - వాస్తవాలు

తెలుగునాట కౌన్సెలింగ్ అన్న మాట ఎక్కువగా మూడు చోట్ల వినిపిస్తుంది. ఎంసెట్ (ఇప్పుడు ఈఏపీసెట్) సీట్లు ఇచ్చే చోట, తాగి బండి నడిపినవాళ్లను కూర్చోబెట్టి మందలించే పోలీస్ స్టేషన్‌లో, భార్యాభర్తల తగువు పెద్దమనుషుల ముందుకు వచ్చినప్పుడు. మూడింటిలోనూ పైనున్నవాళ్లు చెబుతారు, వచ్చినవాళ్లు వింటారు. ఈ చదువు నేర్పేది సరిగ్గా దానికి తలకిందులు. వచ్చినవాళ్లు చెబుతారు, కూర్చున్నవాళ్లు వింటారు. సరిగ్గా విన్నారా లేదా అని చూడటానికి ఆ పైన ఇంకొకరు ఉంటారు. ఆ ఇంకొకరే సూపర్‌వైజర్. ఏ కోర్సు మంచిది, ఏ పట్టాకు విలువ ఉంది, ఇంటర్వ్యూలో ఎవరు నెగ్గుతారు అన్న ప్రశ్నలన్నీ చివరికి అక్కడికే వస్తాయి.

అపోహ: ఎంఏ సైకాలజీ పాసైతే క్లినికల్ సైకాలజిస్ట్ అని బోర్డు పెట్టుకోవచ్చు.

కుదరదు. మన దేశంలో ఈ పేరుకు చట్టం ఇచ్చిన అర్థం ఉంది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం క్లినికల్ సైకాలజిస్ట్ అంటే రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా (అందరూ ఆర్‌సీఐ అంటారు) ఆమోదించిన సంస్థ నుంచి ఆ అర్హత పొందినవారు. లేదా సైకాలజీలో పీజీ చేసి, ఆపైన పర్యవేక్షణతో కూడిన క్లినికల్ శిక్షణ ఉన్న రెండేళ్ల ఫుల్‌టైమ్ ఎంఫిల్ పూర్తిచేసినవారు. దానికీ ఆర్‌సీఐ ఆమోదం ఉండాలి. చదువు అయ్యాక కౌన్సిల్ కేంద్ర రిజిస్టర్‌లో పేరు ఎక్కి నంబరు రావాలి. నమోదు లేకుండా ప్రాక్టీస్ చేస్తే 1992 ఆర్‌సీఐ చట్టం 13వ సెక్షన్ కింద ఏడాది వరకు జైలు లేదా వెయ్యి రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు.

ఇక్కడ మరో చిక్కు ఉంది. కొత్త విద్యా విధానం తర్వాత యూజీసీ ఎంఫిల్‌నే ఎత్తేసింది. మానసిక ఆరోగ్య సేవల్లో వీటి పాత్ర చూసి, క్లినికల్ సైకాలజీ, సైకియాట్రిక్ సోషల్ వర్క్ ఎంఫిల్‌లకు మాత్రం 2025-26 విద్యా సంవత్సరం వరకు గడువు పొడిగించింది. కాబట్టి అక్కయ్య ఫలానా ఏడాది ఎలా చేరిందో చూసి మీరూ అలాగే చేరదామనుకోవద్దు. ఆర్‌సీఐ సైట్‌లో ఆమోదిత సంస్థల జాబితా ఉంటుంది. అందులో మీరు అనుకుంటున్న కాలేజీ పేరు ఒక్కటే చూస్తే చాలదు. కోర్సు పేరు, ఏ విద్యా సంవత్సరం వరకు ఆమోదం, ఎన్ని సీట్లు అన్న మూడూ చూడాలి. కాలేజీకి ఆమోదం ఉండి, మీరు చేరే కోర్సుకు లేకపోవడం మామూలే. ఉన్న సీట్ల కన్నా ఎక్కువమందిని చేర్చుకుంటే మిగిలిన పిల్లలు రిజిస్ట్రేషన్ దగ్గర ఇరుక్కుంటారు.

అపోహ: అయితే కౌన్సెలింగ్ సైకాలజీ ఎంఎస్సీ చేసి లాభం లేదు.

ఇదీ తప్పే. బడులు, కాలేజీలు, హెల్ప్‌లైన్లు, స్వచ్ఛంద సంస్థలు, కంపెనీల ఉద్యోగుల సంక్షేమ విభాగాలు ఎక్కువగా తీసుకునేది వీళ్లనే. తేడా ఎక్కడంటే, వీళ్లు క్లినికల్ సైకాలజిస్టులు కారు. 2017 చట్టం మానసిక ఆరోగ్య నిపుణులుగా నిర్వచించినవాళ్లలో కౌన్సెలర్ పేరు లేదు. 2021లో వచ్చిన అనుబంధ ఆరోగ్య వృత్తుల జాతీయ కమిషన్ చట్టం మాత్రం సైకాలజిస్టులను, కొన్ని రకాల కౌన్సెలర్లను బిహేవియరల్ హెల్త్ విభాగం కింద తన పరిధిలోకి తెచ్చింది. అందుకే ఇప్పుడు చేరేవాళ్లు తమ సిలబస్ ఆ కమిషన్ పాఠ్య ప్రణాళికకు సరిపోతుందా అని కాలేజీని కాగితం మీద అడిగి తీసుకోవడం మంచిది.

అపోహ: ఉద్యోగం చేసుకుంటూ దూరవిద్యలో కానిచ్చేయొచ్చు.

నిన్నమొన్నటి దాకా చాలామంది తెలుగువాళ్లు ఈ దారిలోనే వచ్చారు. ఇప్పుడు ఆ తలుపు మూసుకుంది. 2021 చట్టం కిందికి వచ్చే కోర్సులను, సైకాలజీతో సహా, 2025 జులై-ఆగస్టు ప్రవేశాల నుంచి దూరవిద్యలోగానీ ఆన్‌లైన్‌లోగానీ నడపకూడదని యూజీసీ చెప్పింది. ఇప్పటికీ సీటు ఇస్తామని ఫోన్ చేసే ఏజెంటు ఉంటే, అతను అమ్ముతున్నది చెల్లని కాగితం. వారాంతపు హిప్నోథెరపీ, ఎన్‌ఎల్‌పీ (న్యూరో లింగ్విస్టిక్ ప్రోగ్రామింగ్) సర్టిఫికెట్ల గురించి వేరే చెప్పక్కర్లేదు. మూడు రోజుల్లో ఒక్క కేసు కూడా మొదటి నుంచి చివరిదాకా నడవదు.

అపోహ: మార్కులు, ఎంట్రెన్స్ ర్యాంకు ఉంటే సీటు వచ్చినట్టే.

ర్యాంకు వచ్చాక కాగితాల దగ్గర సీటు పోగొట్టుకునేవాళ్లను చూస్తే మనసు చివుక్కుమంటుంది. ఎందుకంటే ఇవన్నీ రెండు నెలల ముందు సరిచేసుకోగలిగినవే.

బీసీ అభ్యర్థులు ముఖ్యంగా గమనించాలి. రాష్ట్రంలో బీసీ-ఏ నుంచి ఈ వరకు ఉన్న జాబితా వేరు, కేంద్రం ఓబీసీ జాబితా వేరు. రాష్ట్ర జాబితాలో ఉన్న కులాలన్నీ కేంద్ర జాబితాలో ఉండవు. బెంగళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్‌హాన్స్ లాంటి కేంద్ర సంస్థకు దరఖాస్తు చేసేటప్పుడు మీసేవలో తీసుకున్న మామూలు కుల ధ్రువపత్రం పనికిరాదు. కేంద్ర నమూనాలో నాన్ క్రీమీలేయర్ పత్రం కావాలి. చాలా సంస్థలు దాన్ని ఆ ఆర్థిక సంవత్సరంలో, అంటే ఏప్రిల్ 1 తర్వాత, తీసుకున్నదై ఉండాలంటాయి. ఈడబ్ల్యూఎస్ పత్రానికీ ఇదే లెక్క. తహసీల్దార్ ఆఫీసులో ఎన్ని వారాలు పడుతుందో మీకు తెలిసిందే.

ఎంఫిల్‌కు ఇన్నాళ్లూ సాధారణంగా అడిగిన కనీస మార్కులు సైకాలజీ పీజీలో 55 శాతం. రిజర్వేషన్ ఉన్నవాళ్లకు 50. సీజీపీఏ ఉన్నవాళ్లు దాన్ని సొంతంగా పదితో గుణించి వేసేస్తారు. మీ యూనివర్సిటీ మార్పిడి సూత్రం వేరే ఉండొచ్చు. మెమో వెనక ముద్రించి ఉంటే సరి, లేకపోతే పరీక్షల విభాగం నుంచి లెటర్ తెచ్చుకోవాలి.

ఎంట్రెన్స్‌లో మనవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది స్టాటిస్టిక్స్, పరిశోధన పద్ధతుల దగ్గర. అబ్నార్మల్ సైకాలజీ కథలా చదువుకుపోతారు, టైప్ 1 తప్పు (లేని తేడా ఉందనుకోవడం), టైప్ 2 తప్పు (ఉన్న తేడా లేదనుకోవడం) మధ్య తేడా దగ్గర ఆగిపోతారు. రోజుకు గంట చొప్పున ఆరు వారాలు దానికే కేటాయించండి. రుగ్మతల వర్గీకరణకు పాత గైడ్లు వద్దు. అంతర్జాతీయ వ్యాధుల వర్గీకరణ ఐసీడీ-11 2022 జనవరి నుంచి అమల్లో ఉంది, దాని వివరణలు ప్రపంచ ఆరోగ్య సంస్థ సైట్‌లో ఉచితంగానే దొరుకుతాయి.

అపోహ: ఎస్‌ఓపీ (ఈ కోర్సులో ఎందుకు చేరాలనుకుంటున్నారో దరఖాస్తుతో పాటు రాసిచ్చే స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్) అంటే మంచి ఇంగ్లిష్‌లో రాసిన వ్యాసం.

"చిన్నప్పటి నుంచి అందరూ తమ కష్టాలు నాకే చెప్పుకుంటారు." దరఖాస్తులు పరిశీలించేవాళ్లు ఈ వాక్యాన్ని ప్రతి కట్టలోనూ చూస్తారు. అది అబద్ధమని కాదు. దాన్నిబట్టి మీ గురించి తెలిసేది ఏమీ లేదు. దాని బదులు ఒక సందర్భం రాయండి. బడిలో చదువు చెప్పారా, హెల్ప్‌లైన్‌లో కూర్చున్నారా, మంచాన పడిన నాయనమ్మకు ఏడాది సేవ చేశారా. అక్కడ ఏం గమనించారు, ఏం చేశారు, ఏది అర్థం కాలేదు అన్నది రాయండి. ఈ మూడో ముక్కే అన్నిటికన్నా విలువైనది. తనకు తెలియనిదేమిటో చెప్పగలిగినవాళ్లకే సూపర్‌విజన్ పనిచేస్తుంది.

కన్సల్టెన్సీ చేత రాయించుకుంటే ఇంటర్వ్యూలో బయటపడుతుంది. ప్రశ్నలు ఆ కాగితం లోంచే వస్తాయి. అందులో సహానుభూతిని కౌన్సెలింగ్‌కు ఆయువుపట్టు అన్న అమెరికన్ సైకాలజిస్ట్ కార్ల్ రోజర్స్ పేరు రాశారంటే సహానుభూతికీ జాలికీ తేడా ఏమిటని అడుగుతారు.

సిఫార్సు లేఖలు మీ పని దగ్గరగా చూసిన లెక్చరర్ దగ్గర తీసుకోండి. ఎమ్మెల్యే లెటర్‌హెడ్, ఆసుపత్రి యజమాని సంతకం ఇక్కడ ఏ సాయమూ చేయవు. రాసేవాళ్లకు కనీసం మూడు వారాల సమయం, మీ మార్కుల జాబితా, ఎస్‌ఓపీ ప్రతి ఇవ్వండి.

అపోహ: మాటకారితనం ఉన్నవాళ్లు ఇందులో రాణిస్తారు.

కొన్ని చోట్ల ఇంటర్వ్యూలో పది నిమిషాలు ఒకరిని మీ ముందు కూర్చోబెట్టి వినమంటారు. వచ్చినావిడ ఇలా మొదలుపెట్టిందనుకుందాం: "అత్తగారింట్లో నేనేం చేసినా తప్పేనండీ. నిన్న పప్పులో ఉప్పెక్కువైందని చుట్టాలందరి ముందూ అన్నారు. మా ఆయన తలెత్తి కూడా చూడలేదు."

"మీరు మీ ఆయనతో కూర్చుని మాట్లాడాలండీ" అంటే అది సలహా. ఆవిడ అది వందసార్లు అనుకునే ఉంటుంది. "కొత్తలో అందరిళ్లలోనూ ఇంతేనమ్మా, సర్దుకుంటుంది" అంటే ఓదార్పు, దాంతో ఆమె నోరు మూతపడుతుంది. "మీరెందుకు ఎదురు చెప్పలేదు?" అన్నది ప్రశ్నలా వినిపించే నింద. 'ఎందుకు'తో మొదలైన ప్రశ్నకు మన భాషలో సంజాయిషీ అడిగినట్టు ధ్వనిస్తుంది.

"అందరి ముందూ అనడం ఒకెత్తు. ఆయన తలెత్తకపోవడం ఇంకా ఎక్కువ నొప్పించినట్టుంది." ఇంతే అని ఆగాలి. తర్వాత వచ్చే నిశ్శబ్దాన్ని నింపకుండా ఉండగలరా అన్నదే పరీక్ష. ఇంట్లో సాధన చేయాలంటే ఒక స్నేహితురాలిని పది నిమిషాలు మాట్లాడమని అడిగి, ఆమె అనుమతితో రికార్డు చేసి, మీరు మాట్లాడిన ప్రతి వాక్యం రాసుకోండి. ఎన్ని సలహాలు, ఎన్ని ప్రశ్నలు, ఎన్ని ఆమె చెప్పినదాన్ని తిరిగి పట్టుకున్నవి లెక్కేయండి. మొదటిసారి మూడో గడి దాదాపు ఖాళీగా ఉంటుంది. నెల రోజులు చేస్తే మారుతుంది.

అపోహ: సొంత బాధ చెబితే పిచ్చి ఉందనుకుంటారు. లేదా, ఎంత ఎక్కువ చెబితే అంత మంచిది.

రెండు చివరలూ దెబ్బతీస్తాయి. తండ్రి తాగుడు, పోయిన తోబుట్టువు, మీరు తీసుకున్న మందులు... ఇవేవీ అనర్హతలు కావు. థెరపీకి వెళ్లడమూ కాదు. కొన్ని శిక్షణల్లో అది షరతు కూడా. కానీ ప్యానెల్ చూసేది ఆ గాయం ఎంత పెద్దదని కాదు, దానితో మీరిప్పుడు ఎక్కడున్నారని. అదే బాధతో వచ్చిన మనిషి ముందు కూర్చోగలరా? రెండు మూడు వాక్యాల్లో జరిగింది, ఎవరి సాయం తీసుకున్నారు, ఇప్పటికీ ఏది కదిలిస్తుంది అన్నది చెప్పి ఆగండి. చెప్పకూడదనుకున్నది చెప్పకపోయే హక్కు మీకుంది.

అపోహ: రహస్యం అంటే ఏం జరిగినా ఎవరికీ చెప్పకూడదు.

ఇంటర్వ్యూల్లో ఇలాంటి ప్రశ్న వస్తుంది: ఇంటర్ చదివే 17 ఏళ్ల అబ్బాయి చనిపోవాలనిపిస్తోంది, అమ్మానాన్నలకు చెప్పొద్దన్నాడు, ఏం చేస్తారు? "మాట ఇచ్చాను కాబట్టి చెప్పను" అన్నా, "వెంటనే వాళ్ల నాన్నకు ఫోన్ చేస్తాను" అన్నా జవాబు సగమే. ముందు నేరుగా అడగాలి. ఎప్పటి నుంచి, ఎలా చేయాలనుకున్నాడు, ఆ వస్తువు చేతికి అందుతుందా అని. అడిగితే లేని ఆలోచన పుడుతుందన్న భయం నిజం కాదు. ప్రమాదం ఉంటే ఒంటరిగా వదలకూడదు, సూపర్‌వైజర్‌కు అప్పుడే చెప్పాలి, పెద్దవాళ్లకు చెప్పాల్సి ఉందని ముందు ఆ అబ్బాయికే చెప్పి, ఎవరితో ఎలా చెబుదామో అతనితోనే కూర్చుని తేల్చాలి. రాత్రి వేళ ఆసరాకు ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ నంబరు 14416 ఇవ్వాలి, తెలుగులోనూ మాట్లాడతారు. గోప్యతకు హద్దులున్నాయని మొదటి సెషన్‌లోనే చెప్పి ఉండాల్సింది అని మీరే గుర్తుచేస్తే ఇంకా మంచిది.

18 ఏళ్లలోపు పిల్లలపై లైంగిక నేరం జరిగిందని తెలిస్తే అక్కడ ఎంపిక లేదు. పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం పోలీసులకు తెలపాల్సిందే, దాస్తే శిక్ష ఉంది.

అపోహ: తెలుగు మీడియం వాళ్లకు ఈ రంగం కాదు.

ఎంట్రెన్స్ ఇంగ్లిష్‌లోనే, పుస్తకాలూ అవే. ఆ కష్టం నిజం. కానీ ఓపీకి వచ్చిన మనిషి "యాంగ్జైటీ" అనడు. గుండె దడ అంటాడు, నరాలు లాగుతున్నాయంటాడు, గాలి సోకిందేమోనంటాడు. ఆ మాటల వెనక ఏముందో వెతికి పట్టుకునే చెవి గొప్ప అర్హత. బెంగళూరు నిమ్‌హాన్స్‌కు చిత్తూరు, అనంతపురం వైపు నుంచి వచ్చే రోగులు తక్కువేం కాదు. అదే రాంచీలోని కేంద్ర మనోరోగ చికిత్సా సంస్థ అయితే హిందీ లేకుండా రోజు గడవదు. దరఖాస్తుకు ముందే ఇది ఆలోచించుకోండి.

అపోహ: ఇక్కడి పట్టా అమెరికాలో, బ్రిటన్‌లో నేరుగా చెల్లుతుంది.

చెల్లదు. అమెరికాలో ప్రతి రాష్ట్రానిదీ వేరే లైసెన్సు. మనవాళ్లు ఎక్కువున్న టెక్సస్‌లో ఎల్‌పీసీకి (లైసెన్స్‌డ్ ప్రొఫెషనల్ కౌన్సెలర్ కావడానికి) 60 సెమిస్టర్ గంటల మాస్టర్స్, ఆపైన 3,000 గంటల పర్యవేక్షణలో పని కావాలి. బ్రిటన్‌లో కౌన్సెలర్, సైకోథెరపిస్ట్ పేర్లకు చట్టరక్షణ లేదు. క్లినికల్ సైకాలజిస్ట్ అన్న పేరుకు ఉంది.

అపోహ: ఏ కాలేజీ అయినా ఒకటే, ఫీజు, దూరం చూసుకుంటే చాలు.

ఫీజు కట్టేముందు వెళ్లి అడగాల్సినవి: ఒక సూపర్‌వైజర్ కింద ఎంతమంది? వారానికి ఒక్కొక్కరికి విడిగా ఎన్ని నిమిషాలు? ఓపీ సొంతమా, వేరే ఆసుపత్రికి పంపుతారా, పంపితే ఒప్పందం కాగితం మీద ఉందా? పిల్లలు, పెద్దలు, వ్యసనాలు, కుటుంబాలు, ఈ నాలుగింటిలో దేనిలో కేసులు చూసే అవకాశం లేదు? సెషన్ రికార్డింగులు వింటారా, నోట్సు మాత్రమే చూస్తారా? చివరి సంవత్సరం విద్యార్థులను ఇద్దరిని క్యాంటీన్‌లో కలిసి ఇవే ప్రశ్నలు మళ్లీ అడగండి. ఆఫీసు చెప్పిన జవాబూ, వాళ్లు చెప్పిన జవాబూ ఒకటైతే డీడీ తీయండి.