తాత పేరు చెప్పుకోలేని మనవడి కథ

చిరంజీవులు చిన్నీకి, బుజ్జికి తాతయ్య దీవెనలు.

మొన్న వీడియో కాల్‌లో బుజ్జి ఒక మాట అడిగాడు. "యాభై ఏళ్ల నాటి సినిమా, అదీ బ్లాక్ అండ్ వైట్, పైగా స్పూఫ్. నువ్వూ అమ్మమ్మా అంతలా ఎందుకు నవ్వుతారు తాతయ్యా?" అని. ఫోన్‌లో సరిగ్గా చెప్పలేకపోయాను, అందుకే ఈ ఉత్తరం.

ఆ సినిమా పేరు 'యంగ్ ఫ్రాంకెన్‌స్టైన్'. 1974లో అమెరికాలో విడుదలైంది. దర్శకుడు మెల్ బ్రూక్స్. అసలు ఆలోచన మాత్రం హీరోగా వేసిన జీన్ వైల్డర్‌ది. ఇద్దరూ కూర్చుని రాసుకున్నారు. వాళ్లు ఆటపట్టించింది 1931లో జేమ్స్ వేల్ తీసిన 'ఫ్రాంకెన్‌స్టైన్'నీ, దాని తర్వాత వరసగా వచ్చిన భాగాలనీ. శవాల ముక్కలు కుట్టి ప్రాణం పోసే శాస్త్రవేత్త కథ అది.

టీవీ కామెడీ షోల్లో మీరు రోజూ స్పూఫ్‌లు చూస్తూనే ఉంటారు. హిట్ సినిమాలో సీను పట్టుకుని, విగ్గు పెట్టుకుని, గొంతు మార్చి చేస్తారు. ఆ వారం నవ్వుకుంటాం, పై వారానికి మర్చిపోతాం. ఈ సినిమా అలా పోలేదు. వెక్కిరించే వాళ్లకి వెక్కిరిస్తున్నదాని మీద ప్రాణం కాబట్టే పోలేదని నా నమ్మకం. మన జరుక్ శాస్త్రి గారు శ్రీశ్రీకి పేరడీలు రాశారంటే, ఆ కవిత్వం నడకా ఊపూ ఒంటబట్టించుకునే రాశారు. ఇష్టం లేనివాడికి అంత దగ్గర పరిచయం ఎక్కణ్ణించి వస్తుంది?

వీళ్ల ఇష్టం ఎంతటిదో చెబుతాను వినండి. 1974 నాటికి దాదాపు అందరూ కలర్‌లోనే తీస్తున్నారు. బ్రూక్స్ మాత్రం పాత సినిమాలాగే బ్లాక్ అండ్ వైట్‌లోనే తీస్తానన్నాడు. ముందు ఒప్పుకున్న స్టూడియో కాదంటే, దాన్ని వదులుకుని ఇంకో స్టూడియోకి వెళ్లాడే కానీ రంగులకి ఒప్పుకోలేదు. ఇంకా ముచ్చటైన సంగతి ల్యాబ్ సీనుది. 1931 సినిమాలో నిప్పురవ్వలు చిమ్ముతూ, బుసలు కొడుతూ కనిపించే యంత్రాలు చేసినాయన కెనెత్ స్ట్రిక్‌ఫాడెన్. నలభై ఏళ్ల తర్వాత కూడా ఆయన వాటిని తన గ్యారేజీలో దాచుకునే ఉన్నాడు. బ్రూక్స్ వాటినే తెచ్చి వాడుకుని, టైటిల్స్‌లో ఆయన పేరు వేశాడు. అట్టముక్కలతో నకిలీ సెట్టు వేసినా జనం నవ్వేవాళ్లే. కానీ ఆ గదిలో నిజమైన పిడుగు పడ్డట్టు ఉంటేనే, పక్కన నిలబడ్డ మనిషి చేసే వెర్రి పని రెట్టింపు నవ్విస్తుంది.

పాత సినిమాలు చూడనివాళ్ల సంగతేమిటంటావేమో చిన్నీ. వాళ్లకీ బోలెడంత ఉంది. కోటలో ఉండే ఆవిడ పేరు ఎవరు పలికినా సరే, ఎక్కడో గుర్రాలు బెదిరిపోయి సకిలిస్తాయి. ఎందుకో ఎవరూ చెప్పరు. హీరోకి సాయంగా ఉండే గూనివాడు ఇగోర్. మార్టీ ఫెల్డ్‌మన్ వేసిన ఆ ఇగోర్ గూను ఒక సీనులో కుడి భుజం మీద ఉంటే, ఇంకో సీనులో ఎడమ భుజం మీద ఉంటుంది. అది స్క్రిప్టులో లేదు. ఆయనే షూటింగులో చెప్పకుండా మార్చేస్తూ వచ్చాడట. తోటివాళ్లు పసిగట్టడానికి కొన్ని రోజులు పట్టిందట!

నాకు మాత్రం అన్నిటికన్నా ఇష్టం గుడ్డి ముసలాయన సీను. 1935లో వచ్చిన రెండో భాగంలో, శాస్త్రవేత్త ప్రాణం పోసిన, ఊరంతా తరిమిన రాక్షసుణ్ణి ఒక అంధుడు ఇంట్లోకి పిలిచి అన్నం పెడతాడు. నాకొక స్నేహితుణ్ణి పంపావని దేవుడికి దణ్ణం పెట్టుకుంటాడు. చూస్తే గొంతు పట్టేస్తుంది. కొత్త సినిమాలో జీన్ హ్యాక్‌మన్ అదే ముసలాయన. ప్రేమగా గరిటెతో సూప్ పోస్తాడు, అది గిన్నెలో కాకుండా రాక్షసుడి ఒళ్లో పడుతుంది. చుట్ట వెలిగించబోయి వాడి బొటనవేలు అంటిస్తాడు. రాక్షసుడిగా వేసిన పీటర్ బాయిల్ మొహం చూడండి: కాలిపోతున్నా, పిలిచి పెట్టిన మనిషి కదా అని ఓర్చుకుంటూ ఉంటాడు. పాత సీనులోని ఆప్యాయత ఇక్కడ ఇసుమంత కూడా తగ్గలేదు.

కథ కూడా గట్టిది. హీరో ఆ శాస్త్రవేత్తకి మనవడు. తాత పిచ్చివాడని లోకం అంటుంటే సిగ్గుపడి, 'ఫ్రాంకెన్‌స్టైన్' అనే ఇంటిపేరుని 'ఫ్రాంకెన్‌స్టీన్' అని మార్చి పలుకుతాడు. క్లాసులో ఒక కుర్రాడు అసలు పేరుతో పిలిస్తే మండిపడతాడు. చివరికి తాత వదిలేసిన పనే తన చేతుల్లో పడుతుంది. రాక్షసుడితో ఒక గదిలో గడియ వేయించుకుని, భయంతో తలుపులు బాది, ఎవరూ తీయకపోయేసరికి, వాడి వైపు తిరిగి నువ్వెంత అందగాడివో అని బుజ్జగిస్తాడు. ఆ మాటకి వాడు వెక్కివెక్కి ఏడుస్తాడు. వాణ్ణి గుండెకి హత్తుకుని, మొదటిసారి ఇంటిపేరుని ఉన్నదున్నట్టు అరిచి చెప్పుకుంటాడు మనవడు. తాతనయ్యాక అక్కడ నవ్వుతోపాటు నాకు కళ్లు చెమరుస్తున్నాయి.

సంక్రాంతికి వస్తారుగా. మొదటి రోజు రాత్రి 1931 సినిమా పెడతాను. అందులో నీటి ఒడ్డున ఒక పాప, రాక్షసుడు పువ్వులు విసురుకుంటూ ఆడుకుంటారు. పువ్వులు అయిపోతే, పాప కూడా తేలుతుందనుకుని వాడు ఆమెని నీళ్లలోకి విసిరేస్తాడు. మర్నాడు ఇది చూద్దాం. ఇందులోనూ ఒక పాప నూతిలోకి పువ్వులు వేసి, ఇప్పుడేం వేద్దాం అని అడుగుతుంది. రాక్షసుడు తల తిప్పి నేరుగా మన వైపు చూస్తాడు. ఆ క్షణంలో మీ ఇద్దరి మొహాలు నేను చూడాలి.

మీ తాతయ్య